బొమ్మలు పాడిన పాట

1969లో అమెరికా దేశమున జనము మిక్కిలి ఆదరించిన పాట యేది యని బిల్‌బోర్డు అను సంగీత పత్రిక లెక్క గట్టగా, ఆ యేటి పాటలన్నిటిలో మొదటి స్థానము 'షుగర్, షుగర్' అను పాటకు దక్కెను. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ వంటి బృందములు ఉచ్చస్థితిలో నుండిన కాలమది. వారినందరిని వెనుకకు నెట్టిన ఈ పాటను పాడినవారు 'ది ఆర్చీస్' అను బృందమువారు. ఆ బృందమున ఆర్చీ, రెగ్గీ, జగ్‌హెడ్, బెట్టీ, వెరోనికా అను ఐదుగురు కలరు. ఐదుగురిలో ఒక్కరైనను తల్లి కడుపున పుట్టినవారు కారు. అమెరికా పిల్లలు చదువుకొను బొమ్మల పుస్తకములలోని పాత్రలు వారు. ఆర్చీ అను కుర్రవాడు 1941లో కాగితముపై పుట్టి, పెరుగుట యెరుగక, నేటికిని బడి విద్యార్థిగనే యున్నాడు.

పాట యున్నది, రికార్డు ఉన్నది, దానిని కొన్నవారు లక్షలమంది యున్నారు. గాయకులు మాత్రము లేరు. కాని పాటకు గొంతు కావలెను గదా! గీసిన గీతకు గొంతు ఎక్కడిది? ఎవరో ఒకరు పాడియే యుండవలెను. ఆ పాడినవారు ఎవరు, వారి గొంతు బొమ్మ నోటిలోనికి ఎట్లు చేరినది, వారి పేరు ఏమైపోయినది అను సంగతులను ఇక్కడ ముచ్చటింప దలచితిమి. ఇవి దూరదేశపు వింతలని తోచవచ్చును. కాని వీనిలో మన యింటి సంగతులును చాల కలవు.

పాశమైలారము పారిశ్రామిక వాడలో పనిచేయువారి నివాసములనే చూడుడు. ఒకే వరుస గదులలో తెలుగు, హిందీ, ఒడియా, భోజ్‌పురి మాటలాడు కుటుంబములు ఇరుగుపొరుగుగ కాపురమున్నవి. పెద్దలు ఒకరి మాట ఒకరికి పూర్తిగ తెలియక సగము సైగలతో నెట్టుకొని వచ్చుచుందురు. పిల్లలకు మాత్రము ఒక ఉమ్మడి చుట్టము కలడు. వాడు ఛోటా భీముడు. లడ్డూలు తిని, పెద్ద పెద్ద వస్తాదులను పడగొట్టు ఈ బుడతడు ఎక్కడనో పుట్టినవాడు కాడు. పాశమైలారమునకు పొరుగుననే యున్న హైదరాబాదులో, రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అను సంస్థలో రూపుదిద్దుకొని, 2008లో పోగో చానెలుపై తొలిసారి కనిపించెను. 2006వ సంవత్సరపు జాతీయ చలనచిత్ర బహుమానములలో, 'కిట్టు' అను తెలుగు చిత్రము ఉత్తమ యానిమేషన్ చిత్రముగ ఎన్నికయ్యెను. కావున బొమ్మలకు ప్రాణము పోయు విద్య మనకు పరాయిది కాదు.

ఆ భీముని గొంతు మగపిల్లవానిది కాదని చాలమందికి తెలియదు. అనేక సంవత్సరములు ఆ పాత్రకు గొంతు నిచ్చినది సోనల్ కౌశల్ అను యువతి. దీనికి కారణము సులభముగనే ఊహింపవచ్చును. పన్నెండు పదమూడేండ్ల వయసు వచ్చునప్పటికి మగపిల్లవాని గొంతు బొంగురువోవును. బొమ్మకు వయసు రాదు. గొంతునకు మాత్రము వచ్చును. ఎంతకాలమైనను మారని పిల్లవాని గొంతు కావలెనన్నచో స్త్రీ కంఠమే శరణ్యము. పాశ్చాత్య దేశములందును ఇదే ఆచారము. పిల్లలకు భీముడు తెలియును, భీముని గొంతు గలవారు తెలియరు. ఆర్చీ సంగతియు అంతియే.

ఇక బొమ్మ ఎట్లు పాడును? ఈ వృత్తిలో మొదటి సూత్రము: ముందు పాట, తరువాత బొమ్మ. సినిమాలో తారలు రికార్డయిన పాటకు పెదవులు కదుపుదురని అందరికి తెలిసినదే. బొమ్మల చిత్రమున కదిపెడి పని తారది కాదు, చిత్రకారునిది. ఫిలిములో ఒక్క సెకనుకు 24 బొమ్మలు కన్నుల ముందు జరిగిపోవును. మూడు నిమిషముల పాట యన్న 180 సెకనులు. అనగా 4,320 ఫ్రేములు. శ్రమ తగ్గించుటకు ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుదురు. అప్పటికిని 2,160 బొమ్మలు గీయవలసి యుండును. పాట రికార్డు చేతికి రాగానే దానిని ముక్కముక్కగ విని, ఏ ఫ్రేములో ఏ అక్షరము పలుకుచున్నదో, ఎక్కడ దెబ్బ పడుచున్నదో ఒక పట్టీపై వ్రాసికొందురు. పాట నడక నిమిషమునకు 120 దెబ్బలైనచో, దెబ్బకు అర సెకను, అనగా 12 ఫ్రేములు. ఆ లెక్కన దెబ్బకొక అక్షరముగ ఆదితాళము ఒక ఆవర్తమునకు 96 ఫ్రేములు పట్టును. డోలు కొట్టు బొమ్మ చేయి సరిగా పన్నెండవ ఫ్రేమునకు డోలును తాకవలెను. రెండు మూడు ఫ్రేములు అటునిటు అయినచో, కారణము చెప్పలేకపోయినను, ఏదో తేడా యున్నదని చంటిపిల్ల సైతము పసిగట్టును.

పెదవుల సంగతి ఇంకను రమ్యమైనది. మన వ్యాకరణములు అక్షరములను కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని పుట్టిన చోటునుబట్టి విభజించినవి. బొమ్మలు గీయువాడు ఎరిగియో ఎరుగకయో ఈ శాస్త్రమునే అనుసరించును. అయితే నోటిలోపల జరుగు పని చూచువారికి కనబడదు గనుక అతనికి ముఖ్యమైనవి ఓష్ఠ్యములే. 'అమ్మ' అనునపుడు పెదవులు కలిసి తీరవలెను. కలియకున్నచో ఆ మాట ఆ నోట వచ్చినదని ఎవరును నమ్మరు. 'అక్క' అనునపుడు పెదవులు కలియ నక్కర లేదు. నోరు తెరచి యుంచినను చెల్లును. 'అ'కారమునకు తెరచిన నోరు, 'ఇ'కారమునకు సాగిన నోరు, 'ఉ'కారమునకు సున్న చుట్టిన నోరు, ప-బ-మలకు మూసిన నోరు. ఇట్టివి పది రకముల నోళ్లు గీసి పెట్టుకొన్నచో ఎంత పాటయైనను పాడింపవచ్చును. హిందీలో తయారైన బొమ్మల కథను తెలుగులోనికి మార్చువారికి కలుగు కష్టము కూడ ఇక్కడనే యున్నది. బొమ్మ పెదవులు మూసిన చోట తెలుగు మాటలోను ప-బ-మలలో ఒకటి పడవలెను. అర్థము కుదిరి, పెదవి కుదిరి, నిడివియు కుదిరిన మాటను వెదకుట ఛందస్సులో పద్యము కట్టుటకు తీసిపోదని మా అభిప్రాయము.

ఆర్చీ బృందమును తెరపై ఆడించిన ఫిల్మేషన్ అను సంస్థకు ఇంత తీరిక లేదు. 1968 సెప్టెంబరులో సీబీయస్ టెలివిజనులో ప్రారంభమైన ఆ కార్యక్రమము వారము వారము రావలెను. ఖర్చు కలిసి రావలెను. అందుచేత ముఖము కదలకుండ నోరు మాత్రము కదపుట, ఒకసారి గీసిన నడకనే నాలుగు చోట్ల వాడుట వారికి పరిపాటి. కథలో ఇది కొట్టవచ్చినట్లు కనబడును. పాటలో కనబడదు. పల్లవి మరల మరల వచ్చుట పాటకు సహజము గదా! పల్లవితో పాటు బొమ్మయు మరల వచ్చినచో ఎవరును తప్పు పట్టరు. బొమ్మల టెలివిజనునకు పాటతో ఇంత స్నేహము కుదురుటకు ఈ పొదుపు కూడ ఒక కారణమని మేము తలంతుము.

ఆర్చీకి ముందే, 1958లో, మరియొక బొమ్మల బృందము రికార్డులలో వినబడెను. వారు ఉడుత జాతికి చెందిన చిప్‌మంకులు ముగ్గురు. వారి పేర్లు ఆల్విన్, సైమన్, థియొడోర్. ఈ మూడును లిబర్టీ రికార్డు కంపెనీ పెద్దల పేర్లే. థియొడోర్ అనునది సౌండు ఇంజనీరు టెడ్ కీప్ పూర్తి పేరు. వీరిని సృష్టించినది డేవిడ్ సెవిల్ అను మారుపేరు గల రాస్ బాగ్దసారియన్. ముగ్గురి గొంతులును ఆయనవే. అంత సన్నని గొంతు ఒక మగవానికి ఎట్లు వచ్చినది?

కర్మాగారములలో పనిచేయువారికి ఈ కిటుకు చెప్పనక్కర లేదు. పాశమైలారములో ఏ మోటారును గాని ఆన్ చేయునపుడు వినుడు. మొదట బొంగురుగ మూలిగి, వేగము పుంజుకొన్నకొలది కూత సన్నబడి పైకి పోవును. వేగము రెట్టింపైనచో ధ్వని కంపనములును రెట్టింపగును. సంగీత పరిభాషలో చెప్పవలెనన్న మధ్యస్థాయి షడ్జము తారస్థాయి షడ్జమగును. బాగ్దసారియన్ టేపు యంత్రమును సగము వేగముతో నడిపించి, తాను సగము నడకతో, ఒక్కొక్క అక్షరమును సాగదీసి పాడెను. ఆ టేపును మామూలు వేగముతో నడపగా పాట నడక సరిపోయెను; గొంతు మాత్రము ఒక స్థాయి పైకి లేచి ఉడుత గొంతయ్యెను. వాద్యములు మామూలుగనే రికార్డగుటచేత శ్రుతి చెడలేదు. ఇంటిలో పాత రికార్డు ప్లేయరు ఉన్నవారు 33 వేగపు రికార్డును 45 వేగమున త్రిప్పి ఈ వింతను కొంతవరకు తామే వినవచ్చును. ఆ సంవత్సరపు క్రిస్మస్ దినములలో చిప్‌మంకుల పాట నాలుగు వారములు అమెరికాలో మొదటి స్థానమున నిలిచెను. 1959లో తొలిసారిగ జరిగిన గ్రామీ ఉత్సవమున దానికి మూడు బహుమానములు వచ్చినవి. అందులో ఒకటి ఉత్తమ ధ్వనిముద్రణకు. అది పొందినవాడు టెడ్ కీప్. ఉడుతకు తన పేరిచ్చి, ఉడుత పుణ్యమున తన పేరు నిలుపుకొన్నాడు!

గమనింపదగిన దేమన, చిప్‌మంకులు గీసిన బొమ్మలుగ తెరపై ఆడి పాడుట 1961లో గాని జరుగలేదు. అంతవరకు వారు ముఖ్యముగ ధ్వనియే. శ్రోతలు తమ మనస్సులలో వారికి తోకలు, చెవులు తగిలించుకొనిరి. రేడియో యింటివారికి ఇది కొత్త గాదు. బాలానందములో 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు గారి గొంతు విని పెరిగిన పిల్లలు ఎందరో తమ తమ ఊహలలో ఆయన ముఖమును గీసికొనినవారే. రేడియోలో గొంతు ముందు వచ్చును, ముఖమును శ్రోత సమకూర్చుకొనును. బొమ్మల బృందములో ముఖము ముందే సిద్ధముగ నుండును. గొంతు గలవానిని దాని వెనుక నిలుపుదురు.

ఆర్చీ బృందమునకు సంగీత సూత్రధారి డాన్ కర్ష్‌నర్. అంతకుముందు ఆయన 'ది మంకీస్' అను బృందమునకు పాటలు సమకూర్చెను. ఆ బృందమును టెలివిజన్ వారు 1965లో నలుగురు యువకులను ఏరి కూర్చిరి. కొంతకాలమునకు ఆ యువకులు, మా వాద్యములు మేమే వాయింతుము, మా పాటలు మేమే యెంచుకొందుమని పట్టుబట్టిరి. 1967లో కర్ష్‌నర్ ఆ పని నుండి తొలగింపబడెను. పిదప ఆయన బొమ్మల వంక చూచుటలో ఆశ్చర్యమేమున్నది? బొమ్మ ఎదురు చెప్పదు, జీతము పెంచుమనదు, అలిగి యింటికి పోదు.

'షుగర్, షుగర్' వ్రాసినవారు జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్. పాశ్చాత్య దేశములలో ఒక పాటను ముఖ్యముగ చేసికొని వెలువరించు చిన్న రికార్డును సింగిల్ అందురు. ఇది 1969 మే మాసమున అట్లు వెలువడెను. ఆర్చీ గొంతుగ పాడినవాడు రాన్ డాంటె. స్త్రీ కంఠము టోనీ వైన్‌ది. టేపుపై ఒక వరుస పాడి, దానిని వినుచు దానిమీదనే మరియొక వరుస పాడు పద్ధతి అప్పటికే స్టూడియోలలో స్థిరపడి యుండెను. కావున ఇద్దరు ముగ్గురు గాయకులే గుంపుగ వినబడుట కష్టము కాలేదు. సెప్టెంబరులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానమునకు చేరి నాలుగు వారములు, ఆ పిమ్మట ఇంగ్లండులో ఎనిమిది వారములు అచ్చట నిలిచెను. పిల్లలు ఉదయము తిను అటుకుల వంటి ధాన్యపు పలుకుల అట్టపెట్టెల వెనుక కూడ ఆర్చీల పాటల రికార్డులు అచ్చొత్తి యిచ్చిరి. పెట్టె ఖాళీ చేసి, అట్టను గుండ్రముగ కత్తిరించి, గ్రామఫోనుపై పెట్టి వినుటయే!

ఇంత జరుగుచున్నను రికార్డుపై గాయకుల స్థానమున 'ది ఆర్చీస్' అనియే యుండెను. రాన్ డాంటె పేరు జనమునకు తెలియదు. విచిత్రమేమన, సరిగా ఆ దినములలోనే 'ట్రేసీ' అను పాటయు అమెరికాలో మొదటి పది పాటలలోనికి వచ్చెను. దాని బృందము పేరు 'ది కఫ్ లింక్స్'. అట్టి బృందమును నిజముగ లేదు. అందలి గొంతులన్నియు రాన్ డాంటెవే. ఒకే మనిషి, ఒకే సమయమున, లేని రెండు బృందముల పేర రెండు పాటలతో దేశమంతట మారుమ్రోగుచుండెను. వీథిలో నడచి పోవుచున్నచో అతనిని గుర్తించువారు మాత్రము లేకుండిరి.

ఇట్టి సంగతి మన దేశమున అంతకు ఇరువది సంవత్సరములు ముందే జరిగినది. 1949లో 'మహల్' అను హిందీ చిత్రము వచ్చెను. అందులో మధుబాల ధరించిన పాత్ర పేరు కామిని. ఆ చిత్రములోని ప్రసిద్ధమైన పాట రికార్డుపై గాయని పేరుగ 'కామిని' అని అచ్చు వేసిరి. పాటను పాడినది, తెరపై కనిపించిన నటి గాదు, లతా మంగేష్కర్. అనగా కథలోని కల్పిత పాత్రయే గాయనియై కూర్చుండెను. ఆ పాట రేడియోలో ప్రసారము కాగా, ఎవరీ గాయని యని శ్రోతలు విడువక అడుగ మొదలిడిరి. రేడియో వారు రికార్డు కంపెనీవారిని విచారించి అసలు పేరు తెలిసికొని ప్రకటింపవలసి వచ్చెను. ఆ పిదప గాయకుల పేర్లు రికార్డులపైకి ఎక్కుటకు ఇది దోహదము చేసినది. నేడు రేడియోలో ప్రతి సినిమా పాటకు ముందు చిత్రము పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చదువుచుండగా కొందరు విసుగుకొందురు. ఆ నాలుగు పేర్లను నిలబెట్టుటలో నాటి శ్రోతల పట్టుదలకును పాలు కలదని వారు జ్ఞప్తియందుంచుకొనవలెను.

తెలుగు చిత్రములలో నేపథ్యగానమునకు ఆద్యుడుగ పేర్కొనబడువారు ఎం. ఎస్. రామారావు గారు; ఆ చిత్రము 1944 నాటి 'తాసిల్దారు'. అంతకు ముందు నటుడే గాయకుడు. పాడలేనివానికి వేషము లేదు. తరువాత ముఖమొకరిది, గొంతొకరిది అయ్యెను. 1957లో 'మాయాబజార్' చూచినవారికి ఘటోత్కచుని విందు పాట యనగానే ఎస్. వి. రంగారావు గారి విగ్రహము కన్నులకు కట్టును. చెవిలో మ్రోగునది మాధవపెద్ది సత్యము గారి కంఠము. ఒకరు లేక మరియొకరిని ఊహింపజాలము. అయినను మాధవపెద్ది వారి పేరు మనకు తెలియును. అదియే ఆర్చీకిని, మనకును గల భేదము.

అసలు గీసిన బొమ్మకు గొంతు అరువిచ్చుట తెలుగునాట సినిమా కంటె చాల పాతది. తోలుబొమ్మలాట అదియే గదా! మేకతోలును పలుచగ, వెలుతురు దూరునట్లు సాపుచేసి, రంగులు వేసి, అవయవములను విడివిడిగ కత్తిరించి కీళ్లతో కూర్చుదురు. తెల్లని తెర వెనుక దీపము. తెరకు ఆనించిన రాముడును, రావణుడును ముందున్నవారికి రంగురంగుల నీడలై కనబడుదురు. బొమ్మనాడించువాడే పద్యమెత్తుకొనును, యుద్ధము వచ్చినప్పుడు కాలి క్రింది పలకలను తొక్కి రథముల చప్పుడు పుట్టించును. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని నిలిచియున్నది. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించెను. బొమ్మ పాడుటలోని వింతను మన తాతముత్తాతలు నూనె దీపము వెలుగులో చూచి యానందించిరి.

ఈ తెర మాట జ్ఞప్తియందుంచుకొని ఇంగ్లండునకు పోవుదము. 1998లో డేమన్ ఆల్బర్న్ అను గాయకుడు, జేమీ హ్యూలెట్ అను చిత్రకారుడు కలిసి 'గొరిల్లాజ్' అను బొమ్మల బృందమును కల్పించిరి. ఇరువురును ఒకే యింట నివసించుచు, టెలివిజనులో వచ్చు పాటల వీడియోలు చూచి, వీనిలో సారము లేదని విసిగి, అంతా వేషమే అయినప్పుడు పూర్తిగ వేషమే వేయుదమని తలపెట్టిరట. టూ-డి, మర్‌డాక్, నూడిల్, రస్సెల్ అను నలుగురు ఆ బృందమువారు. 2001లో వారి మొదటి కచేరీలు జరిగినప్పుడు వాద్యకారులు పెద్ద తెర వెనుక నిలిచి వాయించిరి. తెరపై బొమ్మలు ఆడినవి. అప్పుడప్పుడు మనుష్యుల నీడలు కనబడినవి. నిమ్మలకుంట వారు చూచిన, ఇందులో విశేషమేమున్నదని అడుగుదురు కాబోలు!

2005లో వెలువడిన వారి 'ఫీల్ గుడ్ ఇంక్.' అను సింగిల్, దాని బొమ్మల వీడియో ప్రపంచమంతట ప్రసిద్ధి కెక్కినవి. ర్యాప్ పలికినవారు డి లా సోల్ అను అమెరికా బృందము. హ్యూలెట్, పీట్ క్యాండిలాండ్ ఆ వీడియోకు దర్శకులు. ఒక మూసిన గోపురములో మత్తుగ పడియున్న జనము. అక్కడ టూ-డి పాడుచుండును. బయట ఆకాశమున గాలిమరతో కూడిన ఒక దీవి తేలుచుండును. దానిపై నూడిల్ కూర్చుండి గిటారు వాయించుచుండును. గోపురములోనివాడు దీవిని కిటికీలోనుండి చూచును గాని చేరలేడు. ఆర్చీ బొమ్మలవలె ఇవి కేవలము పాటను మోయు బొమ్మలు కావు. బొమ్మ లేనిచో పాటలోని దిగులు సగము తగ్గును. మా మట్టుకు ఈ జాతి చిత్రములలో ఇదియే మేలైనది.

2006 ఫిబ్రవరిలో జరిగిన గ్రామీ ఉత్సవమున ఆ పాటకు ఒక బహుమానము వచ్చెను. అదే సభలో ఆ బొమ్మలు వేదికపై మడోన్నాతో కలిసి నిలువెత్తు మనుష్యులవలె కనిపించిరి. ఇది మంత్రము కాదు. రాత్రివేళ పటాన్‌చెరు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి తమ ముఖము బయటి చీకటిలో తేలుచున్నట్లు అద్దమున కనబడును గదా! అట్లే వేదికకు అడ్డముగ, ఏటవాలుగ, కంటికి కనబడని పారదర్శకమైన పొరను బిగించి, దానిపై వెలుగు చిత్రమును ప్రతిఫలింపజేయుదురు. 1862లో లండనులో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలముపై దయ్యమును చూపింప నుపయోగించిన ఉపాయమిది.

గొరిల్లాజ్ సృష్టికర్తల పేర్లు లోకమునకు తెలియనివి కావు. ప్రతి పాటలో పాలుపంచుకొన్న గాయకుల పేర్లును రికార్డుపై వేసిరి. కావున ముఖము బొమ్మదైనంత మాత్రమున గాయకుని పేరు మాయము కావలసిన పని లేదు. మాయము చేయుట ఒకరి నిర్ణయము. బొమ్మ స్వభావము కాదు.

ఇటీవల ఈ విషయము మరియొక మలుపు తిరిగినది. 2007లో జపానులో హత్సునె మికు అను బొమ్మ గాయని వెలువడెను. సాకి ఫుజితా అను నటి పలికిన ధ్వనులను ముక్కలుగ రికార్డు చేసి, కంప్యూటరులో ఎవరైనను తమ పాటకు కూర్చుకొనునట్లు అమర్చిరి. ఇక్కడ గొంతు గలామె ఆ పాటలను పాడనే లేదు. అక్షరములు మాత్రము ఇచ్చెను. నేటి కృత్రిమ మేధ అంతకంటె ముందుకు పోయినది. ఒక గాయకుని పాత రికార్డులను యంత్రమునకు వినిపించిన చాలును. ఆ కంఠపు నాదమును, జీరను, విరుపును అది పట్టుకొనును. పిదప మరియొకరు పాడినదానికి ఆ కంఠమును తొడుగవచ్చును. ఇప్పుడు బొమ్మయైనది ముఖము కాదు, గొంతే!

తెలుగువారికి ఇది దగ్గరగ తగిలినది. మన బాలసుబ్రహ్మణ్యము గారు 2020 సెప్టెంబరులో స్వర్గస్థులైరి. 2023లో విడుదలైన 'కీడా కోలా' చిత్రములో ఆయన కంఠమును ఇట్లు పునఃసృష్టి చేసిరనియు, తమ యనుమతి తీసికొనలేదనియు, కుమారుడు ఎస్. పి. చరణ్ 2024 జనవరిలో ఆ చిత్ర నిర్మాతలకును, సంగీత దర్శకునకును న్యాయపరమైన నోటీసు పంపెను. ఆ నెలలోనే ఎ. ఆర్. రహమాన్ 'లాల్ సలామ్' అను తమిళ చిత్రము కొరకు, దివంగతులైన షాహుల్ హమీద్, బంబా బాక్యాల గొంతులను యంత్ర సహాయమున వినిపించెను. కుటుంబముల యనుమతి పొంది, తగిన పారితోషికము నిచ్చితినని తెలిపెను. యంత్రము ఒకటే, పద్ధతులు రెండు. చచ్చినవారు అడుగలేరు గనుక అడుగువారు బ్రతికినవారే కావలెను. కంఠము పొలము వంటి ఆస్తియా, ముఖము వంటి స్వరూపమా యని న్యాయవాదులు తర్కించుచున్నారు. ఆ గొంతుతో మేల్కొని, ఆ గొంతుతో నిదురించిన యిండ్లవారికి మాత్రము అది రెండును కాదు. అది ఇంటి మనిషి.

మన చట్టము ఈ మార్గమున మెల్లమెల్లగ నడచినది. 1957 నాటి కాపీరైటు చట్టములో గాయకునకు ప్రత్యేకమైన హక్కు లేదు. 1994లో చేసిన సవరణ వలన ప్రదర్శకుల హక్కులు వచ్చినవి. 2012 నాటి సవరణ, ప్రదర్శించినవాడు తానేయని పేరు చెప్పించుకొను హక్కును గూడ చేర్చెను. రికార్డుపై 'కామిని' అని వేయుట నేడు గాయని ఒప్పుకొన్నగాని చెల్లదన్నమాట. కంఠమును యంత్రము అనుకరించు సంగతి ఈ సవరణలు చేసినవారి ఊహకు రాలేదు. న్యాయస్థానములే దారి వేయవలసి వచ్చెను. 2024లో బొంబాయి హైకోర్టు, గాయకుడు అర్జిత్ సింగ్ కంఠమును అనుమతి లేక యంత్రములతో అనుకరింపరాదని ఉత్తర్వు నిచ్చెను.

2025 సెప్టెంబరులో గొరిల్లాజ్ వారు 'ది మౌంటెన్' అను పాటల సంపుటిని ప్రకటించిరి. అందులో పాలుగొన్నవారి పట్టికలో అనౌష్కా శంకర్ మొదలగు భారతీయులు పలువురు కలరు. తొంబదియేండ్లు దాటిన ఆశా భోంస్లే పేరును ఆ పట్టికలో నున్నది. ఎందరో నటీమణుల ముఖములకు గొంతునిచ్చిన ఆమె, ఈసారి బొమ్మల బృందమునకు, తన పేరుతో, తన యిష్టముతో గొంతునిచ్చెను. అదే సెప్టెంబరు మాసాంతమున, తన కంఠమును యంత్రములచే అనుకరింపజేయుచున్నవారిపై ఆమె తెచ్చిన దావాలో, బొంబాయి హైకోర్టు ఆమెకు రక్షణ కల్పించుచు ఉత్తర్వు నిచ్చెను.